నక్షత్రం లేని ప్రశ్న

మన దేశంలో చట్టసభలో ప్రభుత్వాన్ని అడిగిన మొట్టమొదటి ప్రశ్న దేని గురించో తెలుసా? స్వరాజ్యం గురించి కాదు, పన్నుల గురించి కాదు, కరువు గురించి కూడా కాదు. కొట్టు సామాన్ల గురించి! 1893 ఫిబ్రవరి 16న భింగా రాజావారు (ఆ ఊరు ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో ఉంది) వైస్రాయి శాసనమండలిలో ఈ ప్రశ్న వేశారు. సర్కారు అధికార్లు క్యాంపుకొచ్చినప్పుడు వాళ్ళ కోసం సరుకులు సిద్ధంగా పెట్టాల్సి రావడంతో పల్లెటూళ్ళ దుకాణదార్లు ఇబ్బంది పడుతున్నారు, సంగతేమిటీ అని.

మొదట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఇది మనకి బాగా తెలిసిన కథే కదా అనిపించింది. మన దగ్గర దానికి పేరు వెట్టి. నిజాం రాజ్యంలో తహసీల్దారో, పోలీసు అమీనో ఊళ్ళోకి దిగాడంటే కుమ్మరి కుండలు తేవాలి, గొల్ల మేకపోతుని తేవాలి, షావుకారు ఉప్పూ పప్పూ నెయ్యీ పంపాలి. డబ్బులు ఇచ్చారా, ఇచ్చినట్టు. ఇవ్వలేదా, అడిగే దిక్కు లేదు. 1921 నవంబరులో హైదరాబాదులో మాడపాటి హనుమంతరావు గారూ మిత్రులూ కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నాక, తొలినాళ్ళలో పట్టుకున్న పనుల్లో ఇదొకటి. వెట్టి గురించీ, వర్తకుల స్వేచ్ఛ గురించీ చిన్న చిన్న పుస్తకాలు వేసి పంచారు.

ఇక్కడొక్క నిమిషం ఆగండి. అక్కడ 1893లో ఒక రాజు సభలో అడిగేశాడు. అదే బాధ మీద హైదరాబాదులో ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా కరపత్రాలూ అర్జీలూ. ఎందుకని? ఇక్కడ జనం ఎన్నుకున్న సభ లేదు. మంత్రులు జవాబుదారీ అయ్యేది జనానికి కాదు, హుజూరు వారికి. అర్జీ పెట్టుకునేవాడు వంగి దండం పెట్టి పెట్టుకుంటాడు. దయగల ప్రభువులు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. ప్రశ్న అలా కాదు, దానికి జవాబు బాకీ ఉంటుంది.

అన్నట్టు, ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకొచ్చేసరికి పందెం, పోటీ, చొక్కా చేతులు మడవడం అయిపోయింది. మా సంతోష్‌నగర్‌లో చాయ్ దుకాణం దగ్గర "ఏక్ సవాల్ హై భాయ్" అంటే అందరూ చెవి ఒగ్గి వింటారు. అదే "నీకిదే నా సవాల్" అని తెలుగులో అంటే చాయ్ కప్పు కింద పెడతారు :) ప్రశ్న అడగడమంటే కయ్యానికి దిగడమే అని మన భాష ఎప్పుడు అనుకుందో మరి. మన టీవీల్లో అసెంబ్లీని చూస్తే తెలుగు అర్థమే గెలిచినట్టుంది.

సరే, చరిత్రలోకొస్తే, ఈ హక్కు ఊరికే రాలేదు. ఇంగ్లండులో 1721లోనే ప్రభువుల సభలో మంత్రిని ప్రశ్న అడిగారు (సౌత్ సీ కంపెనీ కుంభకోణం అప్పుడు, క్యాషియర్ పారిపోయాడట, పట్టుకున్నారా లేదా అని). మనకి మాత్రం 1861 కౌన్సిళ్ళ చట్టంలో ప్రశ్న అడిగే వీలే లేదు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభే ఈ హక్కు కావాలని తీర్మానం చేసింది. ఆ సభకి వెళ్ళిన కొద్దిమందిలో మన చిత్తూరు జిల్లా కట్టమంచికి చెందిన పి. ఆనందాచార్యులు గారు ఒకరు. 1891లో నాగపూర్ కాంగ్రెసుకి ఆయనే అధ్యక్షుడు. మరుసటి ఏడే 1892 చట్టం వచ్చింది, ప్రశ్నలు అడగొచ్చు అంది. తరవాత ఆయన వైస్రాయి మండలిలో సభ్యుడు కూడా అయ్యారు.

కానీ 1892 హక్కు ఎలాంటిదంటే, రీడ్-ఓన్లీ యాక్సెస్ లాంటిది. ప్రశ్న అడగొచ్చు, జవాబు వినొచ్చు, అంతే. ఆ జవాబు మీద చర్చించకూడదు. "అయ్యా, మరి ఇదో?" అని ఇంకో అనుబంధ ప్రశ్న వెయ్యకూడదు. 1909లో అనుబంధ ప్రశ్న వచ్చింది గానీ, మొదట అడిగినవాడే వెయ్యాలి. 1919 సంస్కరణల తరవాత గానీ మిగతా సభ్యులకు ఆ అవకాశం రాలేదు. అంటే ఒక ఫాలో-అప్ ప్రశ్న సంపాదించుకోవడానికి మనవాళ్ళకి పాతికేళ్ళకు పైగా పట్టింది.

హైదరాబాదుకి ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1952 ఎన్నికల తరవాత బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఎదురుగా పీడీఎఫ్ పేరుతో గెలిచిన కమ్యూనిస్టులు, వాళ్ళ నాయకుడు వి.డి. దేశ్‌పాండే. కొద్ది నెలల ముందు దాకా అజ్ఞాతంలోనో జైల్లోనో ఉన్నవాళ్ళు కూడా వచ్చి సభలో కూర్చున్నారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం అన్నీ వినపడిన సభ అది. అర్జీల రాజ్యంలో పుట్టి పెరిగిన మనుషులు మంత్రిని "ఈ విషయం నిజమేనా? నిజమైతే కారణాలేమిటి?" అని అడిగే రోజు వచ్చింది. ముల్కీ గొడవలూ, 1956 విలీనమూ అన్నీ మనం చదువుకున్నాం గానీ, నా లెక్కలో ఇది వాటికేం తీసిపోని మార్పు.

ఇప్పుడు అసలు సంగతి. పార్లమెంటులో ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తున్నవి: వీటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. లోక్‌సభలో రోజుకి 20 మాత్రమే ఈ జాబితాలోకి ఎక్కుతాయి, వాటిలో చర్చకొచ్చేవి ఇంకా తక్కువ. రెండోది నక్షత్రం లేనివి: వీటికి జవాబు కాగితం మీదే. రోజుకి 230. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ప్రశ్న 150 మాటలు దాటకూడదు, ఎవరి ప్రశ్న ఏ వరసలో వస్తుందో లాటరీ తీసి తేలుస్తారు. టీవీలో కనపడేదంతా మొదటి రకం. నేను చెప్పదలుచుకున్నది రెండో రకం గురించి.

ఎందుకంటే నోటి జవాబులో మంత్రి మాట తప్పించుకోవచ్చు, జోకేసి కూర్చోవచ్చు, సభే గొడవలో వాయిదా పడిపోవచ్చు. కాగితం అలా కాదు. అది లాగ్ ఫైల్. ఆ రోజు ఎవరూ చూడకపోయినా తేదీతో సహా అక్కడే పడి ఉంటుంది. ప్రొడక్షన్‌లో ఏదైనా కాలినప్పుడు మనం ముందు వెతికేది లాగే కదా!

2021 మార్చి 8 గుర్తుందా? విశాఖ ఉక్కుని అమ్మేస్తున్నారని అప్పటికి నెల రోజులుగా ఆందోళన జరుగుతోంది. "చూస్తాం, మాట్లాడతాం, ఢిల్లీ వెళ్తాం" అని నాయకులందరూ అంటున్నారు. ఆ రోజు లోక్‌సభలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లిఖితపూర్వక సమాధానం వచ్చింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం నూటికి నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుందని, అందులో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా ఏమీ లేదని. అంతే. ఆ రాత్రే కూర్మన్నపాలెం దగ్గర కార్మికులు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. నెల రోజుల ఉపన్యాసాలు చెప్పలేని నిజాన్ని నాలుగు వాక్యాల కాగితం చెప్పింది. 2025 జనవరిలో అదే కేంద్రం అదే ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, అది వేరే కథ.

అమరావతి విషయంలో ఇంకో రకం. 2020 ఫిబ్రవరి 4న గల్లా జయదేవ్ అడిగితే హోంశాఖ సహాయమంత్రి నిత్యానంద రాయ్ రాసిచ్చిన జవాబులో రెండు ముక్కలున్నాయి. అమరావతిని రాజధానిగా 2015లో రాష్ట్రం నోటిఫై చేసిందని ఒకటి, రాజధాని ఎక్కడ పెట్టుకోవాలో రాష్ట్రం ఇష్టమని ఇంకొకటి. సాయంత్రానికి తెలుగుదేశం వాళ్ళు మొదటి ముక్కతో, వైకాపా వాళ్ళు రెండో ముక్కతో టీవీల్లో కూర్చున్నారు. జవాబు రాసిన ఆఫీసరు ఎవరో గానీ, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాసే ఉద్యోగానికి పనికొస్తాడు :)

తప్పించుకోవడంలో కూడా మన ప్రభుత్వాలకి పెద్ద అనుభవమే ఉంది. 2019 అక్టోబరు చివర్లో పెగాసస్ గురించి వాట్సాప్ బయటపెట్టింది. నవంబరు 19న దయానిధి మారన్ లోక్‌సభలో అడిగాడు, ప్రభుత్వం వాట్సాప్ కాల్స్, మెసేజ్‌లు వింటోందా, అందుకు పెగాసస్ వాడుతోందా అని. జవాబిచ్చింది మన సికింద్రాబాదు ఎంపీ, అప్పటి హోంశాఖ సహాయమంత్రి కిషన్‌రెడ్డి గారు. ఐటీ చట్టం 69వ సెక్షన్ ఏం చెబుతుందో, ఏ పది సంస్థలకు అధికారం ఉందో అంతా వివరంగా ఉంది. అడిగిన పెగాసస్‌కి మాత్రం అవునని లేదు, కాదని లేదు. మనం పెట్టిన టికెట్‌కి యూజర్ మాన్యువల్ అతికించి 'క్లోజ్డ్' అని కొట్టినట్టు.

2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. ఎమర్జెన్సీలో, 1975 జూలై సమావేశంలో అయితే ప్రశ్నలన్నీ పోయాయి. 2020లో మాత్రం రాతపూర్వక ప్రశ్నలు మిగిలాయి. ఆ మిగిలిన సందులోంచే సెప్టెంబరు 14న లాక్‌డౌన్‌లో ఇళ్ళకి నడిచి వెళ్తూ చనిపోయిన వలస కూలీల సంఖ్య అడిగారు. కార్మిక శాఖ జవాబు: అలాంటి లెక్కలు లేవు. చాలామంది ఇది జవాబే కాదన్నారు. నాకు అలా అనిపించలేదు. "మేం లెక్కపెట్టలేదు" అని ప్రభుత్వం చేత రాయించి సంతకం పెట్టించడం కంటే పెద్ద జవాబు ఏం కావాలి? ఆ ఏడాది గురించి రాసే ప్రతి చరిత్రకారుడూ ఆ వాక్యం దగ్గర ఆగాల్సిందే.

ఇంకా ముదిరితే అబద్ధం. ఎలక్టోరల్ బాండ్ల మీద ఎన్నికల సంఘం ఏమైనా అభ్యంతరం చెప్పిందా అని 2018 శీతాకాల సమావేశాల్లో రాజ్యసభలో నదీముల్ హక్ అడిగితే, ఆర్థిక శాఖ సహాయమంత్రి అలాంటిదేం రాలేదని జవాబిచ్చారు. కానీ ఎన్నికల సంఘం 2017 మే నెలలోనే ఉత్తరం రాసింది! ఆ ఉత్తరమూ, ఈ జవాబూ పక్కపక్కన పెట్టడంతో సంగతి బయటపడింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్నే కొట్టేసింది. జవాబు వల్లే కొట్టేసిందని నేననను, కానీ నోటిమాటగా పోయి ఉంటే పట్టుకునే కొస కూడా ఉండేది కాదు.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం" అనే జవాబు మీకు తెలిసే ఉంటుంది. అదేదో శుద్ధ తప్పించుకోవడం అనుకుంటాం గానీ, నిబంధనల ప్రకారం అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారా లేదా చూడ్డానికి లోక్‌సభలో 1953 నుంచీ ఒక కమిటీ ఉంది. ఓపెన్ టికెట్ల మీద ఎస్‌ఎల్‌ఏ అన్నమాట. అది కూడా ఎడాపెడా బ్రీచ్ అవుతూనే ఉంటుందనుకోండి.

ప్రశ్నకి విలువుంది కాబట్టే దానికి ధర కూడా పలికింది. 2005 డిసెంబరులో, ప్రశ్నలు వెయ్యడానికి డబ్బు తీసుకుంటూ కెమెరాకి చిక్కిన 11 మంది ఎంపీలను సభల నుంచి పంపేశారు. విచిత్రం, అదే ఏడాది అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 8వ సెక్షన్లో ఒక మంచి వాక్యం ఉండేది: పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ కాదనకూడదు అని. ఎంపీ అడగగలిగింది నువ్వూ అడగొచ్చు అని అర్థం. 2023 డేటా రక్షణ చట్టం ఆ క్లాజు మొత్తాన్నీ తిరగరాసింది. ప్రైవసీ గురించి మన ఐటీవాళ్ళం తెగ మాట్లాడుకున్నాం గానీ, ఈ ముక్క గురించి మాట్లాడింది చాలా తక్కువమంది. పౌరుడికి ఇరుకైన కొద్దీ ఎంపీ వేసే ప్రశ్న ఇంకా అవసరమవుతుంది.

అసెంబ్లీల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. సభ జరిగితేగా ప్రశ్న! ఏడాదికి నాలుగు రోజులు కూర్చుని అందులో రెండు రోజులు ఒకరినొకరు తిట్టుకుంటే, నాలాల గురించి ఏ యాకుత్‌పురా ఎమ్మెల్యే ఎంత బాగా ప్రశ్న రాసినా ఏం లాభం?

పైగా మనకి ప్రశ్న రాయడం కూడా రాదు. "మెట్రో ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "త్వరలో" అని వస్తుంది. తప్పు వాళ్ళది కాదు, క్వెరీది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మెట్రో రెండో దశ, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల ప్రతిపాదనని కేంద్రానికి పంపింది. అందులో నాగోలు నుంచి ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్, ఒవైసీ ఆస్పత్రి, డీఆర్‌డీఓ, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్టు లైను ఒకటి. అంటే మా పేట పక్కనుంచే. సంతోష్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళే వాళ్ళకి ఆ లైను అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఆ ఫైలు గురించి నేనైతే ఇలా రాస్తాను:

"పట్టణాభివృద్ధి శాఖ మంత్రి దయచేసి తెలుపగలరా: (అ) హైదరాబాదు మెట్రో రెండో దశ ప్రతిపాదన కేంద్రానికి అందిన తేదీ, (ఆ) దానిపై రాష్ట్రాన్ని అడిగిన వివరణలు, ఒక్కొక్కటి అడిగిన తేదీ, బదులొచ్చిన తేదీ, (ఇ) అభిప్రాయం కోసం ఏయే శాఖలకు ఏ తేదీన పంపారు, ఏ శాఖ ఎన్ని రోజులు ఉంచుకుంది, (ఈ) అదే కాలంలో మరే ఇతర నగరాల మెట్రో ప్రతిపాదనలు ఆమోదించారు, ఒక్కొక్కదానికి ఎన్ని రోజులు పట్టింది?"

150 మాటల లోపే ఉంది, చూసుకున్నాను. ఎంపీల ఆఫీసుల్లో పనిచేసే మిత్రులెవరైనా ఉంటే నిక్షేపంగా వాడుకోండి. కావాలంటే (ఉ) కూడా ఒకటి కలపండి.