సేతుసముద్రం ముఖద్దమాలో దరియా హఖ్

సేతుసముద్రం ముఖద్దమా మనకు మజ్‌హబీ తగాదాగానే యాదుంది. నేను అందులో దరియా హఖ్ చూస్తాను.

2005 జూలై 2న ఓడల దారి కోసం తవ్వకం మొదలైంది. లోతు 12 మీటర్లు. మన విశాఖలోని డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కూడా ఆ పనిలో ఉంది. తవ్వితే లేచే బురద మన్నార్ పగడాలను కప్పేస్తుంది. పగడం పోతే చేప పోతుంది, చేప పోతే జాలరి రిజ్క్ పోతుంది. రామనాథపురం తీరంలో ఆ జాలరి హిందువూ, ముసల్మానూ, క్రైస్తవుడూ.

2007 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆదమ్ సేతువుకు నుఖ్సాన్ చేయొద్దంది. పచౌరీ కమిటీ ఆ తర్వాత చెప్పింది: ఈ పథకం పర్యావరణానికీ, ఖర్చుకూ గిట్టదు.

సేతువు కోసం అదాలత్‌లో లేచిన గొంతులు అందరికీ వినిపించాయి. జాలరి ఫర్యాద్ ఎందరికి వినిపించింది? ఇన్సాఫ్ అడిగేటప్పుడు ముందు అది వినాలి.