తాడిపత్రి నుంచి వాహినికి: తెలుగు సినిమాలో శబ్దం, దృశ్యం, కాలం లెక్క

సినిమా చరిత్రను సాధారణంగా నటులు, దర్శకులు, కథల ఆధారంగా చదువుతాం. ఈ భాగంలో మరో కోణాన్ని పరిశీలిద్దాం. తెర మీద పెదవి కదిలినంతసేపే మాట వినిపించాలి. శబ్దం నిడివి, దృశ్యం నిడివి ఇలా కలిసి నడవడాన్నే పరిశ్రమలో ‘సింక్’ అంటారు. ఇది తప్పితే ఎంత గొప్ప నటనైనా నవ్వులపాలవుతుంది.

1. అడుగుల లెక్క

1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చింది. మూకీలకు ప్రొజెక్టర్ వేగం కొంచెం అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. టాకీలో వేగం మారితే గొంతే మారిపోతుంది. అందువల్ల సెకనుకు 24 ఫ్రేముల వేగం స్థిరపడింది. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి కనుక నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. బొమ్మను, ధ్వనిని వేర్వేరు ఫిల్ముల మీద తీసి, క్లాప్ పలక మూసుకున్న ఫ్రేమును దాని చప్పుడుతో ఎడిటర్లు జతచేసేవారు. ఆ తరువాత బొమ్మలో అడుగు తీసేస్తే ధ్వనిలోనూ అడుగు తీయాలి.

2. స్టాప్‌వాచ్ దర్శకుడు

కరువుకు పేరుపడిన అనంతపురం జిల్లాలోని తాడిపత్రిలో 1912లో కదిరి వెంకటరెడ్డి జన్మించారు. రోహిణి సంస్థలో క్యాషియర్‌గా, వాహినిలో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి, ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. చిత్రీకరణకు ముందే సన్నివేశాలను స్టాప్‌వాచ్‌తో కొలిచే దర్శకుడిగా ఆయన ప్రసిద్ధులు. దీనిని వ్యక్తిగత అలవాటుగా మాత్రమే చూడరాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ముడిఫిల్ము కొరత ఏర్పడి, 1943లో సినిమా నిడివి 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వం ఆంక్ష విధించింది. అంటే సుమారు 122 నిమిషాలు. వృథా అయిన ప్రతి అడుగూ నష్టమే.

నీటిచుక్కను లెక్కపెట్టే సీమవారు కనుకనే ఫిల్మును లెక్కపెట్టారని అనాలనిపించవచ్చు. కాని పోలిక కారణం కాజాలదు. డబ్బు లెక్కలు చూసిన అనుభవం, ముడిఫిల్ము కొరత ఇంతకంటే దగ్గరి కారణాలుగా కనిపిస్తాయి.

పాటలలో ఈ లెక్క మరింత కఠినం. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి భోజనం పాటను పాడినది మాధవపెద్ది సత్యం. పెదవి కదిపినది ఎస్.వి. రంగారావు. ముందే రికార్డు చేసిన పాట సెట్టులో వినిపించే వేగం, కెమెరా వేగం ఏమాత్రం తేడా వచ్చినా ఆ ఇద్దరూ విడిపోతారు.

3. టూరింగ్ టాకీసులో

ప్రింటు మీద ధ్వని, దాని బొమ్మకంటే 20 ఫ్రేములు ముందుంటుంది. ప్రొజెక్టరులో ధ్వనిని చదివే భాగం బొమ్మ కిటికీకి దిగువన ఉండటమే దీనికి కారణం. ఫిల్ము తెగి అతికించినప్పుడు రెండూ కలిసే పోతాయి కాబట్టి, అతుకు దాటిన సెకనులోపే మాట కుదురుకునేది. లూపు పొడవు తప్పుగా వేస్తే మాత్రం రీలు ముగిసేదాకా తేడా అలాగే ఉండిపోయేది.

4. నేటి ఎడిటింగుకు పాఠం

24 ఫ్రేముల పాత సినిమాను 25 ఫ్రేముల వీడియోగా నడిపితే 150 నిమిషాల చిత్రం 144 నిమిషాలకే ముగుస్తుంది. ధ్వనిని పాత వేగంలోనే ఉంచితే చివరికి ఆరు నిమిషాల తేడా వస్తుంది. కనుక ధ్వనిని సాగదీయడానికి లేదా కుదించడానికి ముందు తేడా స్వభావాన్ని గుర్తించాలి. అది మొదటి నుంచి ఒకేలా ఉంటే ప్రారంభ స్థానం తప్పు. క్రమంగా పెరుగుతుంటే వేగం తప్పు. ఒక చోట హఠాత్తుగా వస్తే అక్కడి కత్తిరింపు తప్పు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: లూపు తప్పుగా వేసిన ప్రొజెక్టరులో కనిపించే తేడా ఈ మూడింటిలో ఏ రకానికి చెందుతుంది? ఎందుకు?