ఒక్క మెతుకు చాలదు

మంచు అనగానే మన తెలుగువాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది సినిమా డ్యూయెట్టు. తెల్లటి కొండవాలు మీద హీరోగారు ఉన్నికోటూ మఫ్లరూ వేసుకుని వెచ్చగా ఉంటారు. హీరోయిన్ మాత్రం, పాపం, పల్చటి షిఫాన్ చీరలో వణుకుతూనే నవ్వుతూ ఉంటుంది. ఇద్దరూ మంచు ఉండలు విసురుకుంటారు, పాట అయిపోతుంది. అలాంటి పాటలకి పేరుపడ్డ చోటు కాశ్మీరులోని గుల్మర్గ్. ఆ గుల్మర్గ్‌కి పైన అఫర్వత్ అనే కొండ ఉంది. 2023 ఫిబ్రవరిలో ఆ కొండ మీద స్కీలు తొడుక్కుని జారుతున్న పోలెండు దేశస్థులు ఇద్దరు మంచుచరియ కింద పడి చనిపోయారు. ఒక పాటలో అంత ముద్దొచ్చే మంచు ఇంకోచోట ప్రాణం తీస్తుందన్నమాట.

మన భాషలో మంచుకి ఉన్నది ఒకటే మాట. ధనుర్మాసంలో ముగ్గు మీద పడేదీ మంచే, శివుడి కొండ మీద పేరుకునేదీ మంచే. మనకి అంతకంటే అవసరం రాలేదు. కానీ ఆరునెలలు ఆ తెల్లదుప్పటి కిందే కాపురం చేసేవాళ్ళకి అలా కుదరదు. ఏ మంచు కదలకుండా కూర్చుంటుందో, ఏ మంచు కొండ దిగి ఇంటిమీదికి వస్తుందో తెలియకపోతే తెల్లారేసరికి ఊరే ఉండదు. ఈ మంచుని చదవడం మనిషి ఎలా నేర్చుకున్నాడన్నది పెద్ద కథ. నాకు చరిత్రలో రాజుల యుద్ధాలకంటే ఇలాంటి కథలంటేనే ఇష్టం.

స్విట్జర్లాండులో ఆండర్‌మాట్ అని ఒక ఊరుంది. ఆ ఊరి వెనక కొండవాలు మీద కాస్త అడవి ఉంది. 1397లోనే ఆ ఊరివాళ్ళు ఒక కట్టుబాటు రాసుకున్నారు, ఆ అడవిలో చెట్టు కొట్టకూడదని. ఎముకలు కొరికే చలిలో పొయ్యిలోకి కట్టెలు లేకపోయినా సరే, ఆ చెట్ల జోలికి పోకూడదు. ఆ చెట్లే మంచుని పట్టి నిలబెడుతున్నాయని వాళ్ళు అప్పటికే కనిపెట్టారు. ఏ సైన్సూ చెప్పకుండానే, పోగొట్టుకున్న వాళ్ళని లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్న పాఠం అది.

అన్ని పాఠాలూ అంత తెలివైనవి కావు లెండి. పదిహేడో శతాబ్దంలో ఆల్ప్స్ లోయల్లో మంత్రగత్తెలని పేరుపెట్టి ఆడవాళ్ళని విచారించినప్పుడు, వాళ్ళమీద మోపిన నేరాల్లో మంచుచరియలు తెప్పించారన్నది కూడా ఒకటి. కొండ కూలినా ఆడదానిదే తప్పు! ఇంకో నమ్మకం, గట్టిగా అరిస్తే మంచు విరిగిపడుతుందని. ఇది ఈనాటికీ సినిమాల్లో కనిపిస్తుంది. మనిషి గొంతుకి అంత బలం లేదని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. మంచుని కదిపేది మన కేక కాదు, మన బరువు.

తెలిసినవాడు చెప్పినా వినకపోతే ఏమవుతుందో మొదటి ప్రపంచయుద్ధం చూపించింది. 1916లో ఇటలీ సరిహద్దున మర్మొలాడా పర్వతం మీద ఆస్ట్రియా సైనికులు కొయ్యతో బారకాసులు కట్టుకున్నారు. శత్రువు ఫిరంగిగుండు తగలని చోటు చూసి మరీ కట్టారు. కట్టింది వేసవిలో. డిసెంబరు వచ్చేసరికి నెత్తిమీద మంచు కొండలా పేరుకుంది. అక్కడి అధికారి కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిడ్, ఇక్కడ ప్రమాదం ఉంది, మకాం మారుస్తామని పైవాళ్ళకి రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. డిసెంబరు 13 తెల్లవారుజామున మంచు దిగింది. సుమారు 270 మంది నిద్రలోనే సమాధి అయిపోయారు. శత్రువు గుండుకి దొరకకుండా దాక్కున్నవాళ్ళని కొండే మింగేసింది.

మంచుని ఊహల్లోంచి లెక్కల్లోకి తెచ్చిన పెద్దమనిషి యోహాన్ కోయజ్. స్విట్జర్లాండు అడవుల శాఖకి పెద్ద అధికారి, స్వయంగా పర్వతారోహకుడు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత మంచు విరిగిపడిందో ఓపికగా రాయించి 1881లో పుస్తకం వేశాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళకి, 1931లో, ఆ దేశం మంచుచరియల మీద ప్రత్యేకంగా ఒక సంఘాన్ని వేసింది. 1936లో దావోస్ ఊరి పైన వైస్‌ఫ్లూయోక్ మీద కొద్దిమంది శాస్త్రజ్ఞులు మంచుతోనే ఒక గది కట్టుకుని దానిలో ప్రయోగశాల పెట్టారు. మంచుని పరీక్షించాలంటే అది కరగకూడదు కదండీ! మరి వాళ్ళు కూడా ఆ చలిలోనే కూచోవాలి. హెన్రీ బాడర్, రాబర్ట్ హేఫెలి మొదలైనవాళ్ళు అక్కడ తేల్చిన సంగతులు 1939లో పుస్తకంగా వచ్చాయి.

వాళ్ళు కనిపెట్టింది ఏమిటంటే, పడ్డ మంచు పడ్డట్టు ఉండదు. లోపల్లోపల మారిపోతూ ఉంటుంది.

ఇది మన వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. కొండ మీది మంచు ఒకే ముద్ద కాదు, పూతరేకులాగా పొరలు పొరలు. ఒక్కొక్క వాన పొలానికి ఎలా గుర్తుంటుందో, ఒక్కొక్క మంచుతుపాను ఆ కొండకి ఒక్కొక్క పొరగా గుర్తుంటుంది. చలికాలం మొదట్లో పడ్డ పొర పల్చగా ఉంటుంది. దాని కింద నేల కాస్త వెచ్చగానే, సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి గడ్డకట్టించేస్తూ ఉంటుంది. కింది వెచ్చదనం నుంచి ఆవిరి పైకి లేస్తూ, దారిలో మళ్ళీ గడ్డకట్టి మంచు రేణువుల్ని బరకగా, గాజుపలుకుల్లాగా మార్చేస్తుంది. ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. గుప్పెట్లోకి తీసుకుంటే పంచదారలా జారిపోతాయి. కొండవాళ్ళు దాన్ని పంచదార మంచనే అంటారు. దానిమీద తర్వాతి తుపానులు కురిపించిన మంచుని గాలి తొక్కి తొక్కి గట్టి పలకలా చేస్తుంది. ఇప్పుడు చూడండి: అడుగున పంచదార, పైన బండపలక, అదీ ఏటవాలుగా. పైనుంచి చూస్తే మాత్రం పెళ్ళిపందిట్లో పరిచిన తెల్లదుప్పటిలా ఎంతో నున్నగా, ఎంతో అమాయకంగా ఉంటుంది.

ఇంకో రకం ఇంకా అందమైనది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలిరాత్రి, మన గడ్డిపరక మీద మంచు బిందువు నిలిచినట్టే, అక్కడ మంచు మీద మంచు పువ్వులు పూస్తాయి. ఎండలో తళతళలాడే ఆ పువ్వులమీద మర్నాడు కొత్త మంచు కురిసిందంటే, అందం కాస్తా ఉచ్చు అయిపోతుంది. ఆ పల్చని పూలపొర వారాల తరబడి కింద దాగి ఉంటుంది. వాలు ముప్ఫై డిగ్రీలు దాటి ఉన్నచోట ఒక మనిషి స్కీలతో దానిమీదికి అడుగు పెడితే చాలు, లోపలి పొర ధబ్బున కుంగుతుంది, బీట పరుగెత్తుతుంది, పలక మొత్తం జారుతుంది. సరదాకి వెళ్ళి మంచుచరియలో చనిపోయినవాళ్ళలో నూటికి దాదాపు తొంభైమంది విషయంలో ఆ చరియని కదిపింది వాళ్ళే, లేదా వాళ్ళ జట్టులోని మనిషే. ఎవరి మృత్యువుని వాళ్ళే తట్టి లేపుకున్నారన్నమాట.

శాస్త్రం వల్ల ఊళ్ళు మాత్రం చాలా బాగుపడ్డాయి. 1950-51 చలికాలంలో స్విట్జర్లాండులో మంచుచరియలకి 98 మంది బలయ్యారు. ఆ దుఃఖం తర్వాత వాళ్ళు కొండల మీద ఉక్కు కంచెలు కట్టారు, అడవులు పెంచారు, ఎక్కడ ఇల్లు కట్టకూడదో మ్యాపులు గీశారు, రోజూ హెచ్చరికలు చెప్పారు. 1999లో మళ్ళీ అలాంటి భయంకరమైన మంచే పడింది. ఈసారి చనిపోయినవాళ్ళు 17 మంది. ఒక దేశం తన కన్నీళ్ళనుంచి నేర్చుకున్న పాఠానికి ఇంతకంటే మంచి మార్కులుండవు.

అయితే కంచెలు లేని కొండల్లోకి, బాటలు లేని వాలుల్లోకి స్కీలు భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. అక్కడ ఎవరి పరీక్ష వాళ్ళే చేసుకోవాలి. దానికి పనిముట్టు ఒక పార. గొయ్యి తవ్వి మంచుగోడని నిలువునా కోసి పొరలు చూస్తారు. వేలితో నొక్కి ఏది గట్టి, ఏది మెత్తన అని రాసుకుంటారు. స్విస్ సైన్యం 1960లలో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల పొడవు ఉన్న మంచుదిమ్మని చుట్టూ కోసి విడదీస్తారు. దానిమీదికి ఒక మనిషి మెల్లిగా ఎక్కుతాడు, తర్వాత మోకాళ్ళు వంచి ఊగుతాడు, తర్వాత ఎగిరి దూకుతాడు. ఎన్నో మెట్టులో విరిగిందో అదే దాని మార్కు. ఇంకో పద్ధతిలో అడుగు వెడల్పు మంచుస్తంభం మీద పార పెట్టి, మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజంనుంచి పది కొడతారు. 2006లో అమెరికాలో సిమెన్‌హోయిస్, బిర్క్‌లాండ్ అనే ఇద్దరు ఆ స్తంభాన్ని మూడింతలు వెడల్పు చేశారు. ఒక చివర కొడితే బీట రెండో చివరిదాకా పరుగెడుతుందా అని చూడడం వాళ్ళ ఉద్దేశం. అసలు ప్రమాదం విరగడంలో కాదు, ఆ విరుగుడు పాకడంలో ఉంది.

ఇంత చదివాక మీరు అనుకుంటారు, ఇంకేం, తవ్వి చూసుకుని వెళ్ళొచ్చు కదా అని. చిక్కంతా అక్కడే ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. తరతరాలుగా మనకి అది వంటా, వేదాంతమూ కూడా. కానీ మంచు దగ్గర ఆ సామెత చెల్లదు. ఇక్కడ తవ్విన గొయ్యి బాగుందంటే, ఇరవై గజాల అవతల, బండరాయి పక్కన, గాలి మలుపు తిరిగిన చోట బాగుంటుందని అర్థం కాదు. ఒకే కుండలో సగం మెతుకులు ఉడికీ సగం పలుకుగా ఉన్నట్టు ఉంటుంది ఆ కొండ. అందుకే అనుభవజ్ఞులు ఒక మాట చెబుతారు. గొయ్యి ప్రమాదాన్ని చూపిస్తే నమ్మండి, చూపించకపోతే మాత్రం వెంటనే నమ్మకండి. వద్దనడానికి ఒక్క మెతుకు చాలు. సరే అనడానికి చాలదు.

1993లో యూరప్ దేశాలన్నీ కలిసి ప్రమాదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు పెట్టుకున్నాయి. అయిదంటే మహాప్రమాదం. మరి ఎక్కువమంది చనిపోయేది ఎప్పుడనుకున్నారు? అయిదున కాదు, మూడున. పిల్లాడికి నూటనాలుగు జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెడతాం. తొంభైతొమ్మిదిన్నర ఉంటే మాత్ర వేసి పెళ్ళికి తీసుకుపోతాం. మూడో నంబరు అలాంటిదే. భయపెట్టేంత పెద్దది కాదు, వదిలేసేంత చిన్నదీ కాదు.

2004లో ఇయాన్ మెక్‌కామన్ అనే ఆయన అమెరికాలో జరిగిన 715 ప్రమాదాలు పరిశీలించాడు. ప్రమాదపు గుర్తులు కళ్ళెదుట ఉన్నా జనం ఎందుకు వెళ్ళారు? ఆయనకి దొరికిన జవాబులు మంచు గురించి కావు, మనిషి గురించి. ఇది మనకి అలవాటైన దారే కదా. ఇంతదూరం వచ్చి వెనక్కి పోతామా. ముందు ఆయన ఉన్నాడు, ఆయనకి అన్నీ తెలుసు. పక్కవాళ్ళు వెళ్తున్నారు, మనం ఆగితే ఏమనుకుంటారు. చదువుతుంటే నాకు కొండలు కనిపించలేదండీ, మన ఇళ్ళే కనిపించాయి. వియ్యాలవారి గురించి మనసులో శంక ఉన్నా, శుభలేఖలు అచ్చయ్యాయి కదా అని ఊరుకున్న తల్లులు ఎందరు లేరు!

2012 ఫిబ్రవరి 19న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్టీవెన్స్ పాస్ పక్కన టన్నెల్ క్రీక్ అనే వాలులోకి పదహారుమంది దిగారు. అందరూ ఆరితేరినవాళ్ళు. హెచ్చరిక ఉందని తెలుసు. కొత్తమంచు కింద మొదట చెప్పానే, ఆ మంచుపూల పొర దాగి ఉంది. ముగ్గురు చనిపోయారు. ఎలీస్ సాగ్‌స్టాడ్ అనే అమ్మాయి వీపున ఉన్న గాలిసంచి విచ్చుకోవడంతో బతికింది. తమకి లోపల్లోపల సందేహం కలిగిందని, కానీ పైకి అనలేదని తర్వాత కొందరు చెప్పుకున్నారు. అంతమంది ప్రవీణుల్లో నోరు విప్పి వద్దన్నవాళ్ళు లేకపోయారు.

మన దేశానికీ ఈ చదువు అవసరమే. 1969లో మనాలీలో మంచుచరియల అధ్యయనానికి ఒక సంస్థ పెట్టారు. 2020లో దాన్ని రక్షణశాఖలోని మరో సంస్థతో కలిపారు. అక్కడ మన సైనికులు సరదాకి కాదు, ఆజ్ఞ మీద నిలబడతారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కూలి మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది కూరుకుపోయారు. వారిలో మన కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. ఆరురోజుల తర్వాత హనుమంతప్ప అనే జవానుని ప్రాణాలతో బయటికి తీశారు. దేశమంతా దేవుడికి మొక్కుకుంది. 11వ తేదీన ఆయనా దక్కలేదు. వాళ్ళకి వెనక్కి తిరిగే వీలు లేదు. ఆ వీలు ఉన్నవాళ్ళు దాన్ని వాడుకోకపోవడమే నాకు బాధ అనిపిస్తుంది.

ఆండర్‌మాట్ కట్టుబాటు దగ్గర్నుంచి నేటి పరికరాల దాకా ఆరువందల ఏళ్ళు పైగా మనిషి మంచుని చదువుతూనే ఉన్నాడు. చదివినకొద్దీ అతనికి తేలింది, కొంత ఎప్పుడూ చదవడానికి అందకుండా లోపలే ఉంటుందని. అలాంటప్పుడు పనికొచ్చేది పారా కాదు, రేడియో పరికరమూ కాదు, జట్టులో ఒక్కరు నోరు తెరిచి, "ఇవాళ వద్దులెండి, పోదాం పదండి" అనడం. నలుగురూ నవ్వుతారు, పిరికిదంటారు. అననివ్వండి. బతికుంటే బలుసాకు తినైనా బతకొచ్చు. కొండ ఎక్కడికీ పోదు, మళ్ళీ శీతాకాలం వస్తుంది.