పాత బళ్ల కలయికకి ఏ దారి? లంబసింగి రోడ్డు కథ తెలిశాకే చెప్దాం

పోస్టు కొంచెం పెద్దది, మెస్‌లో భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది, చూసే ఉంటారు. మైదానం వైపు కొంతమంది పాత రాజదూత్‌లు, యెజ్డీలు, బుల్లెట్లు జాగ్రత్తగా దాచుకున్నారు. ఏడాదికోసారి ఆ బళ్లతో ఒకచోట కలుస్తారట. ఈసారి మన మన్యంలో కలవాలని, తారు లేని దారుల్లో నడపాలని వాళ్ల కోరిక. "మంచి ఆఫ్‌రోడ్ లొకేషన్ ఉంటే చెప్పండి" అని అడిగారు. దాని కింద మనోళ్లలో సగంమంది "లంబసింగి రండి, సూపర్" అన్నారు. ఇంకో సగం "మా కొండల్లోకి రావొద్దు" అన్నారు. మా హాస్టల్లో హిస్టరీ చదివేవాళ్లం కొందరం ఉన్నాం. మాకు రెండూ తొందర మాటల్లాగే అనిపించాయి. దారి చెప్పేముందు ఆ దారి ఎలా పుట్టిందో తెలియాలి గదా.

ముందు బళ్ల సంగతి. అవి మనకి పరాయివి కావు. మా ఊళ్లలో పెద్దోళ్లని అడిగితే, గుర్రాల తర్వాత కొండెక్కింది రాజదూతే అంటారు. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల్లో దాన్ని ఇక్కడ తయారు చేసింది. జావా 1961 నుంచి మైసూరులో తయారైంది, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చింది, 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బుల్లెట్‌కి కొండదారి అసలు పుట్టినిల్లు లాంటిది. 1948లో ఇటలీలో ఆరు రోజుల కఠిన పోటీ జరిగితే, బుల్లెట్ తొలి నమూనాలు బ్రిటన్ జట్టులో దిగి బంగారు పతకాలు తెచ్చాయి. తర్వాత మన సైన్యం సరిహద్దు కాపలాకి ఆ బళ్లు తెప్పించుకుంది. 1955 నుంచి మద్రాసులోనే బిగించడం మొదలైంది. అంటే ఈ బళ్లని రాళ్లదారికి తీసుకెళ్లాలనుకోవడంలో తప్పు లేదు. అవి దానికే తట్టుకున్న బళ్లు.

మాకు ఇబ్బంది పెట్టింది 'ఆఫ్‌రోడ్' అన్న మాట. రోడ్డు కానిది అని దాని అర్థం. కానీ మన కొండల్లో మనుషులు నడవని దారి ఎక్కడుంది? సంతకి పోయే కాలిబాట ఉంది, పోడుకి ఎక్కే బాట ఉంది, వెదురు లారీల కోసం కొట్టిన కూపు రోడ్డు ఉంది. మోటారు బండివాడికి అది ఆఫ్‌రోడ్. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకుని దిగేవాళ్లకి అదే రోడ్డు, అదొక్కటే రోడ్డు.

పాత బళ్లవాళ్లు చోటు ఎలా ఎంచుకుంటారో చూద్దామని మేం వేరే దేశాల సంగతి కూడా చదివాం. అందులో మమ్మల్ని ఆపేసింది స్కాట్లాండ్. అక్కడ ఫోర్ట్ విలియం చుట్టూ కొండల్లో ఆరు రోజుల మోటార్‌సైకిల్ పోటీ వందేళ్లకు పైబడి సాగుతున్న ఆనవాయితీ. దానికి ముందు, పక్కనే కిన్‌లోక్‌లెవెన్ అనే చిన్న ఊళ్లో 1965కి ముందు నమూనాల బళ్లకి వేరే పోటీ పెడతారు. ముసలి బళ్లు, చాలామంది ముసలి రైడర్లు. అక్కడ స్పీడు పనికిరాదు. రాళ్లగుట్ట మీదో, వాగులోనో కొన్ని గజాల దారికి హద్దులు పెట్టి, ఆగకుండా, కాలు కింద పెట్టకుండా దాటమంటారు. కాలు ఒకసారి నేలకి తగిలితే ఒక తప్పు మార్కు, బండి ఆగితే అయిదు. తక్కువ మార్కులు వచ్చినవాడే గెలిచినట్టు. చూడ్డానికి మన ముసలి తాత బురదగట్టు మీద కావిడితో నడిచినట్టు ఉంటుంది.

ఇంతకీ ఆ కొండల్లో దారులు ఎవరు వేశారు? 1715లో అక్కడి కొండజాతులు లండన్ రాజు మీద తిరగబడ్డాయి. తర్వాత జనరల్ వేడ్ అనే సైనికాధికారిని పంపారు. కొండల్లోకి ఫిరంగులు, పటాలాలు వేగంగా పోవాలని అతను 1725 నుంచి రోడ్లు వేయించాడు. మొత్తం సుమారు 250 మైళ్లు. 1745లో మళ్లీ తిరుగుబాటు వచ్చింది, 1746లో కలోడెన్ దగ్గర దాన్ని నలిపేశారు. కాల్‌ఫీల్డ్ అనే ఇంకో అధికారి మరిన్ని రోడ్లు వేయించాడు. కిన్‌లోక్‌లెవెన్ మీదుగా ఫోర్ట్ విలియం చేరే పాత సైనిక రోడ్డు ఆ కాలానిదే. జనం కట్టుకునే గళ్లబట్టల్ని కూడా కొన్నేళ్లు చట్టం పెట్టి నిషేధించారు. ఆ తర్వాత గొర్రెల మేత కోసం భూస్వాములు ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు. ఈరోజు ఆ కొండలు "ఖాళీగా, అందంగా" కనిపించడానికి ఒక కారణం అది. ఖాళీ కొండ అంటే ఒకప్పుడు ఖాళీ చేయించిన కొండ కావచ్చు. ఇది చదివాక మాకు మన గూడెం కొండ గుర్తొచ్చింది.

ఒక్క తేడా ఉంది. వేడ్ రోడ్లు తవ్వింది సైనికులు, ఆ పనికి వాళ్లకి మామూలు జీతం మీద రోజుకి ఆరు పెన్నీలు అదనంగా ఇచ్చారు. మన దగ్గర తవ్వించింది మనోళ్ల చేతే.

ఇప్పుడు అందరూ "సూపర్" అంటున్న నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి ఘాట్ రోడ్డుకి వద్దాం. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. డిసెంబర్, జనవరిలో మంచు చూడ్డానికి కార్లు వరస కడతాయి. ఆ వరసలో ఉన్నవాళ్లలో ఎంతమందికి ఈ రోడ్డు పని మన చరిత్రలో ఒక నిప్పురవ్వ అని తెలుసో మాకు అనుమానమే.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద, అడవిలో మేత మీద, కట్టెపుల్ల మీద ఆంక్షలు బిగిశాయి. అంతకుముందే 1879లో రంపలో కల్లు పన్ను మీద, మన్సబుదారు దోపిడీ మీద పెద్ద ఫితూరీ జరిగింది. ముఠాదారుల అధికారాలు ఒక్కొక్కటే కత్తిరించారు. వీటన్నిటి మీద గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ వచ్చి కూర్చున్నాడు. లంబసింగి రోడ్డు పనికి మనోళ్లని తోలాడు. రావలసిన కూలిలో చిన్న ముక్క చేతిలో పెట్టేవాడు, నోరెత్తితే దెబ్బలు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములకి అతనితో గొడవలు ముదిరాయి. అధికారుల సామాన్లు మోసే వెట్టి ఎలాగూ ఉంది. ఆ రాళ్లు కొట్టినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. బాస్టియన్ పేరు మాత్రం ప్రతి పుస్తకంలో ఉంది. ఇది మాకు చాలా కోపం తెప్పించిన విషయం, దాచుకోవడం ఎందుకు.

ఫితూరీకి రోడ్డొక్కటే కారణం అని మేం అనట్లేదు. అడవి, పోడు, భూమి, వెట్టి అన్నీ ఉన్నాయి. కానీ రోడ్డు పని కంటికి కనిపించే అవమానం. రోజూ పొద్దున్నే పలుగు పట్టుకుని ఎక్కాల్సిన అవమానం. అల్లూరి సీతారామరాజు పిలిచినప్పుడు జనం ఊరికే లేచి రాలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. మ్యాపు తీసి ఈ మూడు చుక్కలు కలిపి చూడండి. మధ్యలో ఎన్ని కొండలున్నాయో చూస్తే నడక అంటే ఏంటో అర్థమవుతుంది. సర్కారుకి ఘాట్లు కావాలి, బండి దారి కావాలి, సామాను మోసేవాడు కావాలి. మనోళ్లకి కాలిబాట చాలు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటులో ఇది బాగా తెలిసొచ్చింది. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కొట్టారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. తర్వాత మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. కొండ జ్వరం వాళ్లని తుపాకుల కంటే ఎక్కువ బాధపెట్టింది. 1924 మే 7న సీతారామరాజుని చంపారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జూన్‌లో గంటందొర పోయాడు. మల్లుదొరకి ఉరి వేసి, తర్వాత యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. ఆ మల్లుదొరే 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఈ ఒక్క ముక్క స్కూల్లో ఎవరైనా చెప్పి ఉంటే మేం వెనక బెంచీలో నిద్రపోయేవాళ్లం కాదు.

ఇది చదివి "అయితే రోడ్లే వద్దా" అని అడగొద్దు. మనకి రోడ్డు కావాలి. డోలీ మోసిన భుజం ఉన్నవాడెవడూ రోడ్డు వద్దనడు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ హైవే పనులు మన ఊళ్ల పక్కనుంచే వెళ్లాయి. ఇంకోపక్క అదే మండలాల్లో గర్భిణిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసే గూడేలున్నాయి. అరకు వైపు చూసినా అంతే. కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం 1960ల్లో వేసింది బైలదిల్లా ఇనుపరాయి కోసం, ఆ రాయి ఓడెక్కి జపాన్ పోవడానికి. మనం ఎక్కే పాసింజరు తర్వాతి సంగతి. దారి ఎప్పుడూ పైనుంచి ఎవరికో కావాలి కాబట్టే వచ్చింది, మనం దాన్ని మన అవసరానికి వాడుకున్నాం.

ఇక అసలు ప్రశ్న: ఆ పాత బళ్లవాళ్లకి ఏ చోటు చెప్పాలి?

దామనపల్లి వైపు అడవిబాటలు వద్దు. రిజర్వ్ ఫారెస్ట్ సంగతి అలా ఉంచండి, అది కాలినడక చోటు, అలాగే ఉండనివ్వాలని మా అభిప్రాయం. డోలీ దారులు అసలే వద్దు. ఒక వానాకాలంలో నలభై బళ్లు పోతే ఆ బాట చాలు కట్టి కాలువైపోతుంది, తర్వాత జారిపడేది మోసేవాళ్లు. మారేడుమిల్లి, చింతూరు ఘాటు బాగుంటుంది గానీ అక్కడ ఇప్పటికే బస్సులు, లారీలు మలుపు మలుపుకీ ఉంటాయి.

మేం చెప్పేది లంబసింగి రోడ్డే. అవును, అదే రోడ్డు. అది ఎలాగూ రోడ్డు, కొత్తగా పాడయ్యే బాట లేదు. పైకెక్కేటప్పుడు పాత బళ్లకి ఇబ్బంది లేదు. దిగేటప్పుడే జాగ్రత్త. రాజదూత్, యెజ్డీ లాంటివాటిలో ఆయిలు పెట్రోల్లోనే కలుపుతారు. పొడుగు దిగుడులో ఎక్స్‌లేటరు పూర్తిగా మూసేస్తే ఇంజనుకి ఆయిలు అందదు, పిస్టను పట్టేస్తుంది. ఇంజను బండిని ఆపడం కూడా అంతంతమాత్రమే, పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కి లొంగవు. అందుకని నర్సీపట్నం నుంచి పైకెక్కి, చింతపల్లిలో కలుసుకుని, దిగేటప్పుడు ఆగి ఆగి దిగాలి. రాళ్లలో నడపాలన్న సరదా ఉంటే స్కాట్లాండ్ పద్ధతి ఉంది గదా: ఎండిన గెడ్డలో యాభై గజాల చోటు చాలు, కొండంతా తొక్కక్కర్లేదు.

కానీ ఆ యాభై గజాలు ఎవరివి? అక్కడ, స్కాట్లాండ్‌లో, పెద్ద ఎస్టేటు యజమానిని అడిగితే సరిపోతుంది. ఇక్కడ గ్రామసభని అడగాలి. 1996 పెసా చట్టం మన ఆచారాల్ని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే శక్తి గ్రామసభకి ఉందని రాసింది. గెడ్డ ఉమ్మడిదే. సర్పంచి ఒక్కడి సంతకం, లేదా రిసార్టువాడి మాట చాలదు. తేదీ కూడా వాళ్లే చెప్పాలి. చలికాలం అందరికీ మంచు కాలం, మనకి కాఫీ పళ్లు కోసే కాలం, రాజ్మా నూర్చే కాలం. సంత రోజయితే ఘాటులో జీపులు, నెత్తిన మూటలతో ఆడవాళ్లు. ఇటుకల పండగ రోజుల్లో అసలు అడగొద్దు.

ఇంకో షరతు మేం పెడదామనుకుంటున్నాం. పైకెక్కేముందు వాళ్లకి ఈ రోడ్డు కథ చెప్పే అవకాశం మనకివ్వాలి. అరగంట చాలు. మనలో ఎవరో ఒకరు, తెలుగులో, నిలబడి చెప్పాలి. వినే ఓపిక లేనివాళ్లకి లొకేషన్ మేం చెప్పం, గూగుల్ చెబుతుంది.

ఈ జవాబు వచ్చే ఆదివారం లోపు పంపాలి. దానికి ముందు లంబసింగి, చింతపల్లి, కృష్ణదేవిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈ గ్రూపులో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ముసలోళ్ల పక్కన కూర్చుని, వాళ్ల తాతలు ఈ రోడ్డు పనికి వెళ్లారా, ఏ ఊరివాళ్లు ఏ మలుపు దగ్గర రాళ్లు కొట్టారు, పేర్లు ఏమైనా గుర్తున్నాయా అని అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. ఒక్క పేరు దొరికినా కింద కామెంట్లో పెట్టండి, ఊరు పేరుతో సహా.