డేటా నాణ్యత (వ్యాపార రంగం)

వ్యాపార సంస్థ దగ్గరున్న సమాచారం, దాన్ని వాడుకునే పనికి ఎంతవరకు సరిపోతుందో తెలిపే లక్షణం డేటా నాణ్యత. బిల్లు పంపడానికి చాలిన చిరునామా సరుకు చేరవేయడానికి చాలకపోవచ్చు. నాణ్యతను ఇలా పనితో ముడిపెట్టి చూడటం ఇటీవలి సంగతే. అంతకుముందు శతాబ్దాల పాటు వర్తకులు ప్రధానంగా చూసుకున్నది, రాతలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని.

1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గణిత గ్రంథం జంటపద్దు విధానాన్ని వివరించింది. డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానం కాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. అయితే అసలు జరగని అమ్మకాన్ని రెండు వైపులా రాసినా అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) చక్కగా కుదురుతుంది. ఈ లొసుగు తర్వాతి పద్ధతులకూ అంటుకునే ఉంది.

సమాచారాన్ని అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టే పంచ్‌కార్డుల కాలంలో ఒకరు కొట్టిన కార్డును మరొకరు వెరిఫయర్ యంత్రం మీద అదే కాగితం చూసి మళ్లీ కొట్టేవారు. తేడా వస్తే యంత్రం ఆగేది, కలిస్తే కార్డు అంచున గాటు పడేది. ఒక పనికి రెండు జీతాలన్నమాట. ఐబీఎం ఉద్యోగి హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తనిఖీ అంకె, అంటే మిగతా అంకెల నుంచి లెక్కగట్టి నంబరుకు చేర్చే అంకె, దీనికన్నా చౌక. క్రెడిట్ కార్డు నంబర్లలో ఇప్పటికీ వాడే ఈ పద్ధతి, ఏ ఒక్క అంకె తప్పినా పట్టేస్తుంది. వేరొకరి నంబరును తప్పులేకుండా రాస్తే మాత్రం ఊరుకుంటుంది. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనా, ఒకే విషయాన్ని పలుచోట్ల దాచడం వల్ల వచ్చే వైరుధ్యాల మీద దృష్టి పెట్టింది.

మలుపు 1996లో వచ్చింది. పరిశోధకులు రిచర్డ్ వాంగ్, డయాన్ స్ట్రాంగ్ డేటాను వాడేవాళ్లనే అడిగి 15 లక్షణాలను గుర్తించారు. ఖచ్చితత్వం వాటిలో ఒకటి మాత్రమే. సకాలంలో అందడం, అర్థం కావడం, నమ్మదగినదై ఉండటం కూడా ఆ జాబితాలో చేరాయి.

నమ్మకం విలువేమిటో హైదరాబాద్ చూసింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7 నాటి లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనివేనని ఒప్పుకున్నారు. రాతలో లోపం వెతికే తనిఖీలకు ఇలాంటివి చిక్కవు, బయటి సాక్ష్యం కావాలి.

భారత జీఎస్టీ (వస్తు సేవల పన్ను) ఇలా బయటి సాక్ష్యంతో సరిచూసే పనిని కొంతవరకు చట్టంలోనే పెట్టింది. 15 అక్షరాల జీఎస్టీ నంబరు చివరిది తనిఖీ అక్షరం. అది రాతతప్పుల కోసం. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవారు తమ రిటర్నులో చూపిన బిల్లుకే కొన్నవారికి పన్ను జమ దక్కుతుంది. అందుకే రిటర్నుల గడువు దగ్గరపడితే అకౌంటెంట్లు బిల్లు ఎక్కించని సరఫరాదారులకు ఫోన్లు చేస్తూ కనిపిస్తారు.