ఒకే ప్రోగ్రాము – పలు ఫోనులు

మంజీర నదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. దాని కాలువల నీరు నిజామాబాదు, బోధన్ ప్రాంతములకు పారి చెరకు తోటలను పెంచినది. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది. దాని చుట్టు వెలసిన నివాసములకు శక్కర్‌నగర్ అని పేరు వచ్చినది. ఎన్నో దశాబ్దముల పాటు ఈ సీమలోని పల్లెల చెరకు బండ్లు అటువైపు సాగినవి. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడినది.

కర్మాగారము మూతపడినప్పుడు అందులో పనిచేసినవారి విద్యకు పరీక్ష వచ్చును. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను నేర్చిన పని ఏ ఊరి కర్మాగారములోనైనను కూడు పెట్టును. ఒక్క యంత్రపు మీటలను మాత్రమే ఎరిగినవాని విద్య ఆ యంత్రముతోనే ఆగిపోవును. కావున ఏ పని నేర్చినను అందులో యంత్రమునకు చెందినదెంత, పనికి చెందినదెంత అని తెలిసికొనుట అవసరము.

ఈ ప్రశ్నయే నేడు ఈ ప్రాంతపు విద్యార్థులకు మరియొక రూపమున ఎదురగుచున్నది. ప్రజలు ట్రిపుల్ ఐటీ అని పిలుచు విశ్వవిద్యాలయము 2008లో స్థాపింపబడి, నిజామాబాదుకు చేరువగా గోదావరి ఒడ్డున బాసరలో నడచుచున్నది. 2016లో నిజామాబాదు పసుపు మార్కెట్టు ఈ-నామ్ అను జాతీయ విపణిలో చేరినది. 2023 ఆగస్టులో పట్టణములో ఐ.టి. హబ్ ప్రారంభమైనది. మొబైల్ ఫోనులో పనిచేయు ప్రోగ్రామును, అనగా ఆప్‌ను తయారుచేయు విద్యపై పిల్లలకు ఆసక్తి పెరిగినది. కాని ఫోనులు ఒక్క తీరుగా లేవు. ఆండ్రాయిడ్ ఫోనుకు చేసిన ఆప్ ఐఫోనులో నడవదు. రెంటికిని పనికివచ్చునట్లు ఒకేసారి వ్రాయు మార్గమున్నదా? ఉన్నది. దానికి అరువది యేండ్లకు మించిన చరిత్ర కూడ ఉన్నది.

దుబాసీ దొరకుట

1950 ప్రాంతమున ఒక కంప్యూటరు భాష మరియొక కంప్యూటరుకు తెలియదు. ఒక కంపెనీ యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రామును మరియొక కంపెనీ యంత్రమునకు మొదటినుండి తిరిగి వ్రాయవలసి వచ్చెడిది. యంత్రము మారినప్పుడెల్ల పాత శ్రమ వ్యర్థమయ్యెడిది.

మనుష్యుల మాటకు దగ్గరగా నుండు భాషలో ప్రోగ్రాము వ్రాసినచో, దానిని యంత్రభాషలోనికి మార్చు పనిని యంత్రమునకే అప్పగింపవచ్చునని అమెరికా గణితశాస్త్రవేత్త గ్రేస్ హాపర్ వంటివారు ఆ దశాబ్దములో నిరూపించిరి. అట్లు మార్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. అది దుబాసీ వంటిది. వ్యాపార లెక్కలకై కోబాల్ అను భాష రూపొందినది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును, దాదాపు మార్పు లేకుండ, ఆర్.సి.ఎ. 501, యూనివాక్ 2 అను రెండు వేర్వేరు కంపెనీల యంత్రములపై నడిపి చూపిరి. ఒకసారి చేసిన పని రెండు చోట్ల పనికి వచ్చునని ఆనాడు రుజువైనది.

ఇంకొక మార్గము 1970 దశకమున ప్రచారమునకు వచ్చినది. నిజముగా లేని ఒక నమూనా యంత్రమును ఊహించి, ప్రోగ్రామును దాని భాషలోనికి మాత్రమే మార్చుట ఈ మార్గము. ప్రతి నిజమైన కంప్యూటరుపైనను ఆ నమూనా యంత్రమువలె నటించు ఒక చిన్న ప్రోగ్రామును ఉంచినచో చాలును. అమెరికాలోని శాన్ డియాగోలో గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పాస్కల్ భాషను ఈ రీతిగా పలు చిన్న కంప్యూటరులకు అందించిరి. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ విడుదల చేసిన జావా భాష ఇదే సూత్రముపై లోకమంతట వ్యాపించినది.

ఫోనులతో మరల చిక్కు

2007లో ఐఫోను, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను అంగడికి వచ్చినవి. ఐఫోనుకు ఆబ్జెక్టివ్-సి భాషలోను, ఆండ్రాయిడ్‌కు జావాలోను ఆప్‌లు వ్రాయవలసి వచ్చినది. పాత చిక్కు కొత్త వేషమున తిరిగివచ్చినది. ఒకే పనికి ఇద్దరు పనివారు, రెండింతల ఖర్చు.

దీనికి మూడు విధములైన పరిష్కారములు వచ్చినవి. వీనిని నాటక సమాజముల పద్ధతులతో పోల్చి తెలిసికొనవచ్చును. ఒక సమాజము ఊరూరికి పోక, తన నాటకమును చిత్రముగా తీసి పంపును. దానిని చూపుటకు ఏ ఊరనైనను ఒక తెర చాలును. 2008లో పుట్టిన ఫోన్‌గ్యాప్ ఇట్టిది. అది వెబ్ పేజీని ఆప్ అను పెట్టెలో ఉంచి చూపును. రెండవ సమాజము నటులను మాత్రము తెచ్చి, ఆ ఊరి రంగస్థలమును, దీపములను వాడుకొనును. 2015లో ఫేస్‌బుక్ కంపెనీ బయటపెట్టిన రియాక్ట్ నేటివ్ ఇట్టిది. ప్రోగ్రాము ఒక్కటే, తెరపై కనిపించు మీటలు మాత్రము ఆ ఫోనుకు సహజమైనవి. మూడవది సురభివారివలె తెరలు, దీపములు, సామగ్రి సమస్తము తానే వెంట తెచ్చుకొనును. 2018 డిసెంబరులో గూగుల్ కంపెనీ తొలి పూర్తి రూపమున విడుదల చేసిన ఫ్లట్టర్ ఇట్టిది. అది తెరపై ప్రతి అక్షరమును, ప్రతి గీతను తానే చిత్రించును.

ఏ పద్ధతియు దోషరహితము కాదు. మొదటిది సులభము, కాని నిదానము. ఫేస్‌బుక్ కంపెనీయే వెబ్ పేజీలపై ఆధారపడిన తన ఐఫోను ఆప్‌ను 2012లో విడిచి, ఐఫోను సొంత భాషలో తిరిగి వ్రాసుకొన్నది. రెండవది ఫోనుల మార్పులను వెంటాడుచుండవలెను. మూడవదానిలో మోయవలసిన సామాను ఎక్కువ; ఆప్ పరిమాణము పెరుగును.

తెలుగు అక్షరము పెట్టిన పరీక్ష

రెండు ఫోనులు నిజముగా ఎంత వేరో తెలుగువారి అక్షరమే ఒకసారి లోకమునకు చూపినది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అను అక్షరము నడుమ కంటికి కనిపించని ఒక విభజన గుర్తు చేరియున్న సందేశము వచ్చినచో ఐఫోనులలోని ఆప్‌లు ఉన్నట్టుండి మూసికొనిపోయినవి. అదే సందేశము ఆండ్రాయిడ్ ఫోనులలో ఏ హానియు చేయలేదు. కారణమేమనగా, జకారము, ఞకారము, దీర్ఘము కలిసి ఒక్క రూపముగా మారవలెను. ఆ కూర్పును చేయు ఐఫోను భాగములో లోపమున్నది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే 11.2.6 అను సవరణను విడుదల చేసి దానిని సరిదిద్దినది.

‘జ్ఞానము’ అను మాటలోని తొలి అక్షరమే ఇట్టి పాఠము చెప్పుట విశేషము. ప్రోగ్రాము ఒక్కటే అయినను, అది నడచు నేల ఒక్కటి కాదు. కావున పలు ఫోనులకు ఆప్ చేయువాడు పలు ఫోనులలో పరీక్షించి చూడవలసినదే.

చేసి నేర్చుకొనుట

ఈ విద్య పుస్తకమును వల్లించుటచే రాదు. ఈత నేర్చువాడు నీటిలో దిగినట్లు, ఒక చిన్న ఆప్‌ను పూనుకొని చేయుటయే మార్గము. చెరకు సీమలో దానికి తగిన సమస్య చేతికి అందుబాటులోనే ఉన్నది.

చెరకు నరికిన క్షణమునుండి అందులోని చక్కెర తరుగుట మొదలగును. చక్కెర, అనగా సుక్రోజు, విచ్ఛిన్నమై గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును. ఇవి గడ్డకట్టి పంచదార కానేరవు. అందుచేత నరికిన 24 గంటలలోపుగా గానుగ ఆడుట మేలని చెప్పుదురు. నరికిన వేళను, తూకము వేళను తీసికొని, నడుమ గడచిన గంటలను చెప్పు ఆప్ ఒకటి విద్యార్థులు చేయవచ్చును.

మొదటి దినముననే ఒక చిక్కు ఎదురగును. సాయంత్రము 5 గంటలకు నరికిన చెరకు మరునాటి ఉదయము 9 గంటలకు తూకమునకు వచ్చినదనుకొందము. కంప్యూటరు సాయంత్రము 5 గంటలను 17గా లెక్కించును. వేళలను మాత్రమే తీసివేసినచో 9లో 17 పోగా −8 గంటలు అని వచ్చును. చెరకు నరుకుటకు ముందే తూకమునకు వచ్చినట్లు! తేదీని కూడ చేర్చినచో 16 గంటలు అను సరియైన జవాబు వచ్చును. ఈ తప్పును తానే చేసి తానే దిద్దుకొన్న విద్యార్థి దానిని ఎన్నటికిని మరువడు.

రెండవ దశలో ఆ లెక్కలను ఫోనులోనే దాచవలెను; పొలములో సిగ్నలు లేకపోవచ్చును గదా. మూడవ దశలో పేర్లన్నియు తెలుగున వ్రాసి, ఆండ్రాయిడ్‌లోను, ఐఫోనులోను చూడవలెను. ఒకదానిలో సరిపోయిన పొడవు మాట మరియొక దానిలో అంచున తెగవచ్చును. ఒక ఫోనులో వెనుకకు మరలుటకు అంతట పనిచేయు మీటయో సైగయో ఉండును. మరియొక ఫోనులో ఆ దారిని ఆప్ చేసినవాడే తెరపై చూపవలెను. ఇట్టివి చేతితో చేసిననే తెలియును.

ఉన్నత పాఠశాల పిల్లలు దీనిని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నడపు ఆప్ ఇన్వెంటర్‌తో ప్రారంభింపవచ్చును. అందులో దిమ్మలను అతికించినట్లు ఆదేశములను కూర్చుదురు, వెల లేదు. తరువాత ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్‌లకు పోవచ్చును; అవియు ఉచితమే. కాని ఖర్చు పూర్తిగా తప్పదు. ఐఫోను ఆప్‌ను తుదిరూపమునకు తెచ్చుటకు మాక్ కంప్యూటరు కావలెను. ఆపిల్ దుకాణమున ఆప్‌ను ఉంచుటకు ఏటేట 99 డాలర్లు, గూగుల్ దుకాణమునకు ఒకేసారి 25 డాలర్లు చెల్లింపవలెను. అందువలన పని ఆండ్రాయిడ్‌పై మొదలుపెట్టి, ఐఫోను వంతు వచ్చినప్పుడు పాఠశాలలో పదిమంది కలిసి ఒక్క మాక్‌ను వాడుకొనుట యుక్తము.

నిలుచునదేది?

సాధనములు శాశ్వతములు కావు. ఫోన్‌గ్యాప్‌ను దాని యజమాని అడోబ్ కంపెనీ 2020లో నిలిపివేసినది. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల నాయకత్వమున మైక్రోసాఫ్ట్ కంపెనీ 2016లో కొన్న జామరిన్ అను సాధనము కూడ ఇట్టిదే. దాని పోషణ 2024 మే 1తో ముగిసినది. నేడు వాడుకలో నున్నవానికి సైతము ఒకనాడు ఇదే గతి పట్టవచ్చును.

అయినను, వాటిపై పనిచేసి నేర్చినవారి శ్రమ వ్యర్థము కాలేదు. తేదీ లేని గంటల లెక్క తప్పునని, దాచిన లెక్క చెడకుండ చూడవలెనని, తెలుగు అక్షరమును ప్రతి ఫోనులో పరీక్షింపవలెనని తెలిసినవాడు ఏ కొత్త సాధనమునైనను కొలది వారములలో పట్టుకొనగలడు. మీటలు మాత్రమే బట్టీపట్టినవాడు మరల మొదటికి రావలసినదే.

ఫ్యాక్టరీ మూతను చూచిన బోధన్ సీమకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. 1960లో రెండు యంత్రములపై ఒక ప్రోగ్రామును నడిపినవారు కోరినదియు ఇదియే: యంత్రము మారినను మనిషి చేసిన పని నిలువవలెను. పాఠశాలలో ఒక చిన్న చెరకు లెక్కను రెండు ఫోనులలో సరిగా నడిపించిన విద్యార్థి ఆ కోరికను కొంత నెరవేర్చినవాడే యగును.