మామిడిలో కోత అనంతర శిలీంధ్ర తెగుళ్లు

చెట్టు నుంచి కోసిన కాయ నిల్వలోనో, రవాణాలోనో, అమ్మకం వేళనో బూజు వల్ల కుళ్లిపోవడాన్ని కోత అనంతర శిలీంధ్ర తెగులు అంటారు. వేసవిలో హైదరాబాద్‌లోని అమీర్‌పేట, పంజాగుట్ట తోపుడు బండ్ల మీద బంగినపల్లి పండ్లకు కనిపించే నల్లమచ్చలు ఈ కోవలోవే. మచ్చ చూసి కొనేవాళ్లు బండివాణ్ని తప్పుపడతారు గానీ, చాలాసార్లు తెగులు సోకేది తోటలోనే.

మచ్చ తెగులుకు మూలం కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. పూత, పిందె దశల్లో వానో మంచో పడితే దాని బీజాలు ఆ తడిలో మొలకెత్తి, తొక్కలోకి దిగి, అక్కడే నిద్రాణంగా ఉండిపోతాయి. పచ్చికాయ తొక్కలోనూ సొనలోనూ శిలీంధ్రాన్ని అణచిపెట్టే పదార్థాలుంటాయి. కాయ మాగేకొద్దీ అవి తగ్గి, తెగులు విజృంభిస్తుంది. అందుకే కోసిన రోజు నున్నగా ఉన్న కాయకు పండాక మచ్చలు తేలతాయి. తొడిమ కుళ్లుకు కారణం లాసియోడిప్లోడియా. ఇది ఎండుపుల్లల్లో దాగి, తొడిమ గుండా కాయలోకి దిగుతుంది. ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం కనిపించిందంటే కొద్ది రోజుల్లో పండంతా మెత్తబడుతుంది.

కాబట్టి నివారణ తోటలోనే మొదలవాలి. ఎండుకొమ్మలు కత్తిరించి తీసేయాలి. కాయను రాల్చకుండా చిక్కంతో, కాస్త తొడిమ ఉంచి కోయాలి. తరువాత తొడిమ తుంచి, కాయను బోర్లించి సొన కార్చాలి. సొన అంటిన చోట తొక్క మాడి మచ్చపడుతుంది.

కోత తరువాత అన్నిటికన్నా నమ్మదగిన ఉపాయం వేడినీళ్లు. సుమారు 52 డిగ్రీల సెల్సియస్ నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే తొక్కలో దాగిన శిలీంధ్రం చాలావరకు చస్తుంది. వేడి బాగా పెరిగితే తొక్క కమిలిపోతుంది, తగ్గితే ఫలితం ఉండదు. థర్మామీటరు లేకుండా ఈ పని చేయకూడదు. పైగా వేడినీళ్లు మందులా పైన నిలిచి కాపాడవు. ఆ తరువాత మురికి నీటిలో కడిగితే తెగులు మళ్లీ అంటుకుంటుంది. మందు అవశేషం మిగలని ఈ పద్ధతి ఎగుమతి కాయకే పరిమితం కాకుండా మన ఊరి బండ్లకు వచ్చే కాయకూ అందాలి.

ఇక కాయను మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకం నిషిద్ధం. 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువుకు అనుమతి ఉంది. శీతల గిడ్డంగిలో మామిడికి 13 డిగ్రీలు అనువు. అంతకన్నా బాగా చల్లబరిస్తే తొక్క నల్లబడి, బయటికి తీశాక ఇంకా త్వరగా కుళ్లుతుంది.

మామిడితో పోలిస్తే నల్లగొండ బత్తాయికి, హిమాచల్ ఆపిల్‌కు బెడద వేరు. వాటిని కుళ్లబెట్టే పెనిసిలియం బూజులు ఎక్కువగా గాయాల గుండా చొరబడతాయి. గోరు గీసుకున్నా చాలు. ఆపిల్ మీది నీలిబూజు పాట్యులిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. ఆపిల్ రసంలో అది కిలోకు 50 మైక్రోగ్రాములు మించరాదని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి.